అడుగు

ఆ ఉదయం దాకా నా అడుగులన్నీ సరిగ్గానే పడ్డాయి.
ముందు నడిచే ఒర్లాందో బూటు గుర్తులో
నా బూటు పెడుతూ కాఫీ తోటల మీది కొండ ఎక్కుతున్నాను.
గుర్తుల్లో నీళ్లు ఊరుతున్నాయి.
ఒక్కటి, ఒకే ఒక్కటి,
బెత్తెడు పక్కకి పడింది.

పాలడబ్బాలో పట్టేంత వస్తువు.
మా దేశంలో దాని ముద్దుపేరు కాలువిరుపు.
నాకు రెండూ విరిచింది, మోకాళ్ల పైదాకా.

మెడెలిన్ ఆసుపత్రికి కెప్టెన్ వచ్చాడు.
"ఎవెలియో, ఇక నీ కాళ్ల మీద నువ్వు నిలబడాలి" అని
దుప్పటి చదునుగా పడుకున్న చోటు చూసి
నాలిక కరుచుకున్నాడు.
నేనే నవ్వాను, పాపం.

క్రిస్మస్‌కని అమ్మ ముందే కొన్న బూట్లు
కొట్టువాడు వెనక్కి తీసుకోనన్నాడట.
వాటిలో మట్టి పోసి కొత్తిమీర చల్లింది.
ఆ ఏడాదంతా
మా ఇంటి పులుసు నేను ముట్టలేదు.

జలాశయం దగ్గరికి మా బావ తీసుకెళ్లాడు, ఉల్లిపాయల లారీలో.
రేవు మీద గిల్దార్దో, నోట్లో ఆరిపోయిన చుట్ట.
చక్రాల కుర్చీని చూడలేదు,
సంతలో ఎద్దుని చూసినట్టు భుజాలు చూశాడు.
"కాళ్లున్నవాళ్లతోనే నాకు చిరాకు.
పడవలో కుదురుగా కూర్చోరు."

తొడలకో పట్టీ, నడుముకో పట్టీ, కదలని పీట.
తిరగబడితే ఏ పట్టీ ముందు లాగాలో
నీళ్లలో తలకిందులుగా నేర్పాడు.
అరచేతులు పొక్కి, చిట్లి, మళ్లీ పొక్కి
చివరికి గట్టిపడ్డాయి.
ఓ రాత్రి దీపం కింద చూసుకున్నాను:
పోయిన మడమలు
చేతుల్లో మొలిచాయి.

డాక్టర్లు వీపు నొక్కి, భుజం తిప్పి
నాలో ఎంత మిగిలిందో తూచి ఒక తరగతి రాశారు.
ఆ తరగతిలో పోటీ జంటకే. ఒక మగ, ఒక ఆడ.

యామిలేకి ఎడమ కాలు లేదు.
ప్రతి పట్టీనీ బిగించాక రెండుసార్లు లాగి చూస్తుంది,
చప్పుడు కాకుండా.
ఏ వైపు అడవిలో పెరిగిందో
మొదటి రోజే తెలిసిపోయింది.
పద్నాలుగేళ్లప్పుడు తీసుకుపోయారట. అంతే చెప్పింది.
ఏ కొండ అని నేనడగలేదు.
అడిగితే చెప్పేస్తుందేమోనని.

పడవలో ఆమె వీపు నా ఎదుట.
రెండేళ్లుగా నేను చదివింది ఆ వీపే:
కుడి రెక్క కింద కుట్లు,
వదులైన జడ పిన్ను,
చెమట మరక పెరిగే తీరు.
ఆమె ఊపిరి పీల్చితే నేను పీల్చాలి,
ఆమె తెడ్డు మునిగితే నాదీ మునగాలి.
బెత్తెడు తేడా వచ్చినా పడవ వణుకుతుంది.

క్షమించావా అని అమ్మ అడుగుతుంది.
నిమిషానికి ముప్పై నాలుగు తెడ్లు వేసేటప్పుడు
ఆ మాటకి గాలి చాలదమ్మా.

బొగోటా పోటీలో మాది మూడో స్థానం.
బరిలో దిగిన పడవలు మూడే.
అయినా కంచు కంచే, అమ్మ మేకు కొట్టి గోడకి తగిలించింది.
యామిలే తన పతకాన్ని
గిల్దార్దో కుక్క మెడలో వేసింది.

తెడ్డు వేసేవాళ్లం గమ్యానికి వీపు పెట్టి కూర్చుంటాం.
కనపడేదల్లా దాటొచ్చిన నీళ్లే.
ఈ నీళ్ల కింద ఒక ఊరుంది,
నేను పుట్టకముందే కరెంటు కోసం ముంచారు.
గిల్దార్దో పుట్టిన ఇల్లు
సరిగ్గా మేం మలుపు తిరిగే చోట.
అక్కడికొస్తే ఒడ్డు మీద అతని అరుపు
ఒక్క క్షణం ఆగుతుంది.

ఇవాళ మేమూ ఆగాం, తెడ్లు నీటి మీద పరిచి.
యామిలే వెనక్కి తిరక్కుండానే అడిగింది:
"ఇక్కడ లోతెంత?"
తెలీదన్నాను.
"దిగితే అడుగు తగులుతుందా?"

ఏ అడుగు గురించో అర్థం కావడానికి
నాకు కాస్త సేపు పట్టింది.

అప్పటికే ఆమె వీపు ముందుకి వంగింది.
నాదీ వంగింది.
తెడ్లు మునిగాయి.