పదిహేడు పౌన్ల దారం

టొలీడో బెండ్‌లో నీళ్ల కింద
మునిగిన అడవి ఇంకా నిలబడే ఉంది.
గల్లా దగ్గర ఒడెట్ నా రీలు తిప్పి చూసి
ఫక్కున నవ్వింది:
"ఏ పిట్టకి కట్టావు థీరియో, ఈ గూడు?"

నాచులోకైతే అల్లికదారం, కత్తిలా కోసుకెళ్తుంది.
తేటనీళ్లకి ఫ్లోరోకార్బన్, చేప కంటికి ఆనదు;
కానీ దానికి జ్ఞాపకం ఎక్కువ,
చుట్టిన చుట్టు మరవదు.
"నీలాగే," అంది, తలెత్తకుండానే.

నైలానే చుట్టమన్నాను, పదిహేడు పౌన్లది.
సాగుతుంది, తప్పు కాస్తుంది.

తెల్లారకముందే విసిరాను.
బొటనవేలు రెప్పపాటు ఆలస్యం.
స్పూలు మీద మళ్లీ అదే గూడు.
పడవని మొద్దుకి ఆనించి,
నోట టార్చిలైటు కరిచి
ఒక్కో మెలికా గోటితో లాగుతున్నాను.

సగం విప్పానో లేదో
చీకట్లో అవతలి కొస
తనంతట తానే నడవడం మొదలెట్టింది.