పదును

క్విల్పీలో మందుల షాపు నాది కాదు,
ఆరు నెలల బదిలీ మనిషిని.
అయినా ఈ ముఖం చూడగానే
ఊరికి కంప్యూటర్ గుర్తొస్తుంది.
దగ్గు మందు చీటీ బల్ల మీద పెడుతూ
మావిస్ ట్రెంబత్ అడిగింది:
"నా డబ్బా ఏదో అప్‌డేట్ అంటోంది, చూసిపెడతావా?"

డెబ్భై కిలోమీటర్ల ఎర్రమట్టి దారి.
వంటింటి బల్ల మీద పాత ల్యాప్‌టాప్,
దానికి చలి వేస్తుందన్నట్టు
కింద మడతపెట్టిన ఉన్ని గుడ్డ.
రేకుల కప్పు మీద తిరగేసిన గొడుగులా డిష్,
డిష్ అంచున గులాబీ రొమ్ముల గలా పిట్టలు,
పైనుంచి దిగే ప్రతి అక్షరాన్నీ
ముందు తామే కొరికి చూసి పంపుతున్నట్టు.

నాలుగున్నర జీబీ.
పగలు దింపితే నెల కోటా ఆవిరి.
రాత్రి ఒంటిగంట దాటితే లెక్కలోకి రాదట.
"అయితే ఉండిపో" అంది.
గొర్రె మాంసం కూర వండింది,
నా కోసమని పసుపు ఒక చెంచా ఎక్కువే వేసి.

ఒంటిగంట. నొక్కాను.
తెర మీద చుక్కలు
గానుగెద్దుల్లా తిరగడం మొదలెట్టాయి.
ఒక శాతం.
ఒక శాతం.
ఒక శాతం.
ఇంకా ఆరు గంటలంది,
టీ కలిపి తెచ్చేసరికి రెండు రోజులంది,
కుక్క ఆవులించేసరికి నలభై నిమిషాలంది.
"వాతావరణం వాళ్ళూ ఇంతే" అంది మావిస్.

ఆ డబ్బాలో ఆమె దాచుకున్నది
ఉత్తరాలు కాదు, ఫొటోలు కాదు,
వాన.
రోజూ ఉదయం తొమ్మిదింటికి
పెరట్లో కొలగాజు చూసి రాసే అంకె.
ముప్ఫై నాలుగులో మామగారు మొదలెట్టిన లెక్క,
చెదలు తినగా మిగిలిన పుస్తకాల్లోంచి
ఒక చలికాలమంతా కూర్చుని ఎక్కించింది.
కిందికి జరిపి చూపించింది.
మూడేళ్ళుగా దాదాపు అన్నీ సున్నాలే.
"సున్నా కూడా రాయాలి.
రాయకపోతే
చూడటం మానేశామనుకుంటారు."

మా కళ్యాణదుర్గం వైపు వానని గాజులో కొలవరన్నాను.
పదునుల్లో కొలుస్తారు.
నాగలి దిగినంత తడిస్తే ఒక పదును.
"అంటే ఎన్ని మిల్లీమీటర్లు?"
నాకు తెలీదు. పిడికిట పట్టిన మట్టి
ముద్ద కడితే పదును,
రాలిపోతే అప్పు.

ముప్ఫై ఏడు దగ్గర ఆగింది.
బయట జనరేటర్ దగ్గినప్పుడల్లా
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
దగ్గుకైతే నా దగ్గర మందుంది,
దీనికేం పోయాలో తెలీదు.
ముప్ఫై ఏడు.
నేను కునికాను. మళ్ళీ చూశాను. ముప్ఫై ఏడే.

నాలుగవుతుండగా రేకు మీద టప్‌మని ఒకటి.
"గింజేదో రాలింది" అంది, తలెత్తకుండా.
మరొకటి.
కుక్క లేచి నిలబడింది.
ఆ తర్వాత మాట వినపడలేదు,
కప్పంతా ఒకేసారి నోరు తెరిచింది.

తెర మూలన పసుపు త్రికోణం: కనెక్షన్ లేదు.
ఈ ఇంటికి ఆకాశం నుంచి ఒకటే దారి,
ఆ దారిలో ఇప్పుడు వేరెవరో వస్తున్నారు.
నేను వైర్లు కదపబోతే
మావిస్ నా చెయ్యి పట్టుకుంది.
"దారివ్వు" అంది.

తొమ్మిదింటికి గొడుగు లేకుండా పెరట్లోకి వెళ్ళొచ్చింది.
ఇరవై రెండు పాయింట్ నాలుగు.
ల్యాప్‌టాప్ ముట్టుకోవాలంటే ఇద్దరికీ భయం.
సొరుగులోంచి పెన్సిల్ ముక్క తీసి
వంటకత్తితో చెక్కి పదును పెట్టింది.
నా షాపు మందుల సంచి వెనక
తేదీ వేసి, అంకె వేసి, ఆగింది.
"నీ మాట ఎలా రాస్తారు?"

చెబుతున్నాను. అక్షరం అక్షరం,
చాలా నెమ్మదిగా దిగుతోంది కాగితం మీదికి.
ఆమె వేళ్ళ సందుల్లో ఎర్రమట్టి,
రాలడం లేదు.

మధ్యాహ్నానికి రోడ్డు మూసేశారు.
షాపుకి ఫోన్ చేసి చెప్పాను:
ఇంకో రెండు రోజులు రాలేను,
అప్‌డేట్ ఇంకా అవలేదు.