ఎవరితో, దేనితో

ముప్పై రెండు నోటుపుస్తకాలు
వంటబల్ల మీద, ఉల్లిపాయ వాసనలో.
దక్షిణపు గాలి తోస్తే కియోజ్జా కాలువ పొంగి
మా గుమ్మం రెండో మెట్టు దాకా వచ్చి ఆగింది.
రేడియోలో ఎవరో నీటిమట్టాలు చదువుతున్నారు.
రేపు గురువారం. ఆరో తరగతి. వ్యాకరణం.

క్రియని ఒంటరిగా వదలకండి అని చెప్పాను వాళ్లకి.
"వెళ్ళాడు" అని ఊరుకుంటే ఎలా?
ఎప్పుడు వెళ్ళాడు, ఎక్కడికి, ఎలాగ, ఎందుకు?
చేపల బజార్లో ఆడవాళ్లు ఆరా తీసినట్టు తీయండి,
విసుగు లేకుండా, మొహమాటం లేకుండా.
వచ్చిన ప్రతి జవాబూ క్రియకి కట్టిన ఒక తాడు.
తాడు అనగానే పడవలవాళ్ల పిల్లలు తలెత్తి చూశారు.
సెప్టెంబరు నుంచీ అదే మొదటిసారి.

ఇప్పుడు విప్పి చూడండి, అన్నాను.
"తెల్లవారుజామున, వానలో, అప్పు తీర్చడానికి,
తమ్ముడితో, చేపలవేటకి వెళ్ళాడు."
తెల్లవారుజాము తీసేయండి. వాన తీసేయండి.
అప్పు, తమ్ముడు, వేట, అన్నీ.
వెళ్ళాడు.
చూశారా, వాక్యం ఇంకా బతికే ఉంది!
వెనక బెంచీ నుంచి తుల్లియో:
"బతికే ఉంది టీచర్,
కానీ దానికేమీ జ్ఞాపకం లేదు."
నేను నల్లబల్ల వైపు తిరిగి
చేతిలో ఉన్న సుద్దముక్క కోసం వెతుక్కున్నాను.

చిక్కంతా ఒక్క చిన్న ప్రత్యయం దగ్గర.
తో.
కత్తితో కోశాడు. చెల్లెలితో వచ్చాడు.
మాట ఒకటే, చుట్టరికాలు రెండు.
దేనితో అని అడగాల్సొస్తే సాధనం,
ఎవరితో అని అడగాల్సొస్తే తోడు.
ప్రాణం ఉన్నవి ఇటు, లేనివి అటు.
మధ్యలో నిలువుగా గీత గీశాను, స్కేలుతో.
(స్కేలుతో: సాధనం.)

ఇది నీవేస్ పుస్తకం.
అట్ట మీద చేప పొలుసు ఒకటి అంటుకుని ఎండిపోయింది.
మొదటి వాక్యం:
"మా తాత రోజూ నాలుగింటికి ఎర్సీలియాతో సముద్రంలోకి వెళ్తాడు."
ఎర్సీలియాతో, కింద గీత, పక్కన "తోడు".
బావుంది. టిక్కు పెట్టాను.
రెండో వాక్యం:
"పోయినేడు ఎర్సీలియా అడుగున చిల్లు పడితే తాత తారు పూశాడు."

ఎర్ర పెన్ను వెనక్కి నడిచింది.
టిక్కు మీద ఆగింది.
పడవ, నీవేస్. పడవ పనిముట్టు. గీతకి అటువైపు.
కొట్టేద్దామనుకుంటూనే కింద చదివాను,
మూడు, నాలుగు, అయిదు:
కామా లేదు, అక్షరదోషాలు రెండు,
వాళ్ల కుక్క పేరు మళ్ళీ తప్పు.
ఆరో వాక్యం:
"తాత పడవతో మాట్లాడతాడు. మాతో మాట్లాడడు."
పడవతో కింద మళ్ళీ "తోడు", ఈసారి గట్టిగా,
వెనక పేజీలో కూడా తెలిసేంత గట్టిగా.
మాతో కింద గీత ఉంది, పేరు లేదు.
పక్కన పెన్సిలుతో, చిన్నగా:
"దీన్నేమంటారు టీచర్?"

ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను ఈ పాఠం.
ఉన్నదానికల్లా ఒక పేరు ఉంది నా దగ్గర.
కాలానికి, చోటుకి, తీరుకి, కారణానికి.
జరగని మాటకి ఎదురుగా కూర్చున్న మనుషుల్ని
ఏ గడిలో రాయాలో
బీరువాలోని మూడు వ్యాకరణాల్లోనూ లేదు. చూశాను.

టిక్కు అలాగే ఉంచాను.
అక్షరదోషాలకి అర మార్కు తీశాను,
అది వేరే సంగతి.
"మాతో" పక్కన ఏం రాయాలో తోచక
నన్ను నేనే దిద్దుకుందామని మొదలుపెట్టాను.
దిద్దుతున్నాను.
ఎప్పుడు? పదిన్నరకి.
ఎక్కడ? వంటింట్లో.
ఎలా? నిదానంగా, కళ్లద్దాలు తుడుచుకుంటూ.
ఎందుకు? జీతం కోసం అనుకుందాం.
రేడియోతో భోంచేశాను, అది ఎటు రాయను?
తర్వాతి ప్రశ్న అడుక్కునేలోగా
నీళ్లు మూడో మెట్టెక్కిన చప్పుడు.
లేచి వెళ్లి
తలుపు కింద ఇసుక బస్తాని అడ్డంగా తోశాను,
రెండు చేతులతో.