ఆట మారింది

బల్లారట్‌లో జూలై. కారు అద్దం మీది మంచుని
పాత లైబ్రరీ కార్డుతో గీకి వచ్చాం.
హీటరు పక్కన చిన్న బల్ల,
దాని మీద రెండు ట్రేలు:
ఒకదానికి ఎర్ర కుందేలు, ఒకదానికి నీలం పడవ.

రంగులాటలో హవిషకి ఒక్కటీ తప్పలేదు.
"ఇప్పుడు రంగులు కాదు, బొమ్మలు.
కుందేళ్లు ఎటు వెళ్తాయి?" అంది ఫియోనా.
వేలు సరిగ్గానే చూపించింది.
నీలం కుందేలు చేతికిస్తే మాత్రం
తీసుకెళ్లి పడవ దగ్గరే పెట్టింది.
మళ్లీ అడిగితే, మళ్లీ సరైన వేలు.
మళ్లీ పడవ.

"అది కాదమ్మా" నోటిదాకా వచ్చింది, మింగాను.

పొద్దున సాక్సు కుట్టు గుచ్చుకుంటోందని
నలభై నిమిషాలు.
నేనరిచిన అరుపు ఇంకా గొంతులో గరగరలాడుతోంది.
మొండిది, గారాబం, ఎవరి పోలికో...
అవన్నీ పాత ఆటలో ట్రేలు.
ఆట మారిందని డిసెంబరులోనే చెప్పారు నాకు.
తెలుసు కూడా.
అడిగితే వేలితో చూపిస్తాను.

ఫియోనా కార్డులు సర్దేసింది.
నీలం కుందేలు మాత్రం హవిష గుప్పిట్లోనే,
నలిగి.
"దీనికి ఈత రాదు" అంది,
ఎవరివైపూ చూడకుండా.