పదిహేడో జేబు

తరగతి తలుపు వెనక
చెప్పులు పెట్టుకోడానికి అమ్మే గుడ్డసంచి ఒకటి వేలాడదీశాను.
ఇరవైనాలుగు జేబులు. ఒక్కోదానికి ఒక అంకె
మా ఆవిడ ఎర్రదారంతో కుట్టింది.
ఆరూ తొమ్మిదీ ఒకేలా వచ్చాయని
పిల్లలు ఇప్పటికీ నవ్వుతారు.

పొద్దున తొమ్మిదికి లోపలికొస్తూ
ఒక్కొక్కరే ఫోను వేస్తారు,
ఊడిన పాలపన్ను అప్పగిస్తున్నట్టు.
బ్రాయిస్ మూతి ముడుస్తాడు.
ఆంతియా పాత పగుళ్ల ఫోను ఒకటి వేసి
అసలుది మేజోడులో దాచుకుంటుంది.
నాకు తెలుసు.
నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

ఆ తర్వాత నేను నదుల గురించి చెబుతాను.
సంచి తన గొడవ తను చెప్పుకుంటుంది:
గుర్ర్. గుర్ర్.
సీసాలో చిక్కిన తుమ్మెదలా.
ఎవరి బొమ్మ కింద ఎవరు నవ్వారో
ఎవరు ఎవర్ని గుంపులోంచి తీసేశారో
పద్నాలుగేళ్ల లోకమంతా
నా వీపు వెనక పులుస్తూ ఉంటుంది, మూతవేసిన రొట్టెపిండిలా.

షియానా మూడో వరస, కిటికీ పక్క.
కళ్లు నల్లబల్ల మీద, చెవులు తలుపు దగ్గర.
పెన్సిలు ముట్టదు.
నవంబరంతా చూశాను. డిసెంబరులో అడిగేశాను:
"అంత ఏముందమ్మా అందులో? ఒక్క పూట ఆగలేవా?"
"ఆగుతూనే ఉన్నాను మాస్టారూ" అంది.
పొగరనుకున్నాను.
ఇంటికి ఉత్తరం రాశాను,
మీ పిల్ల ఫోనుకు బానిస అని కాదు గానీ
ఆ అర్థమే వచ్చే మర్యాద మాటల్లో.

గురువారం వాళ్లమ్మ వచ్చింది. దోరిండా.
వేళ్లనిండా గాట్లు, ఉప్పుకి తెల్లబడి.
మా తీరానికి పటంలో ఉన్న పేరే మృత్యుతీరం.
నీళ్లు వెనక్కి తగ్గిన ఆ కాసేపట్లో
నడుముకి తాడు కట్టుకుని బండల సందుల్లోకి దిగి
పెర్సేబెలు గీకి తెస్తుందామె,
మేకగిట్టల్లా ఉంటాయి,
పండగకి పట్నంవాళ్లు లొట్టలేసుకుంటూ తింటారు.
నా ఉత్తరం మడత విప్పకుండానే బల్లమీద పెట్టింది.
"పైకొచ్చాక ఒక చుక్క పంపిస్తాను మాస్టారూ.
మాట కాదు, చుక్క.
తడివేళ్లకి అంతకంటే చేతకాదు."

పీత కష్టాలు పీతవి.
నియమం నియమమే అన్నాను.
ఆమె సరేనంది. అదే నన్ను పొడిచింది.

ఇప్పుడు ఆటుపోట్ల పట్టిక నేనూ చూస్తున్నాను
నా ఫోనులో,
బల్లసొరుగు సగం తెరిచి, దొంగలా.
ఈరోజు సముద్రం బాగా వెనక్కి తగ్గేది పదకొండుకి.
పదకొండున్నర. గుర్ర్. అది నాలుగోది, బ్రాయిస్‌ది.
పదకొండూ నలభై. ఆరోదో, తొమ్మిదోదో.
కిటికీ అవతల గాలి దిక్కు మార్చుకుంది.
ఏ నది దగ్గర ఆగానో మరిచిపోయాను.
ఎవరూ నవ్వలేదు.
అప్పుడు తెలిసింది, తరగతికంతా తెలుసు.
నాకంటే ఎంతో ముందే తెలుసు.
ఆంతియా మడమ దగ్గర మేజోడు అదురుతోంది,
ఆ పిల్ల వంగి చూడలేదు.

పదకొండూ యాభైమూడు.
గుర్ర్.
నా చెవికి మిగతావాటిలాగే ఉంది.
షియానా పెన్సిలు తీసుకుంది.
"మిన్యో ఎక్కడ పుట్టిందన్నారు?" అని అడిగింది.

సాయంత్రం అందరూ వెళ్లిపోయాక
మేకులు పీకి, సంచి తెచ్చి
మూడో వరస పక్కన, కిటికీ కింద గోడకి కొట్టాను.
ఒక మేకు వంకర పోయింది.
జేబులు అవే, అంకెలు అవే.
బ్రాయిస్ అడిగితే
తలుపు సరిగ్గా పడటం లేదురా
అని చెప్పాలి.