ఓరై

కొబే నగరం, యుద్ధం మూడో చలికాలం.
తెల్లవారుజాము మూడున్నరకి నిషివాకి గారు
బస్సు వెనక పొయ్యి రాజేసేవాడు.
బస్సుకి పొయ్యేమిటని అడక్కండి.
పెట్రోలు విమానాలకి పోయింది,
మాకు మిగిలినవి బొగ్గులు,
అవీ సగం తడివి, చిటపటలాడేవి.
నేను మర తిప్పి గాలి కొట్టేదాన్ని,
మా అమ్మ పొద్దున్నే కుంపటి ముందు చేసే పనే,
కాకపోతే ఇక్కడ ఉడకాల్సింది బస్సు.
నలభై నిమిషాలకి గానీ ఇంజను దగ్గేది కాదు.

నా పేరు ఫుసాయె. పదిహేడేళ్ళు. కండక్టర్ని.

మొదట టోపీ మీది ఇత్తడి బిళ్ళ అడిగారు, ఇచ్చాను.
తర్వాత గుండీలు.
పింగాణీ గుండీలు కుట్టుకుంటే
కిక్కిరిసిన రోజు రెండు పగిలి
ఎవరి భోజనం డబ్బాలోనో పడ్డాయి.
తర్వాత టికెట్టు కత్తిరించే పంచి,
పిడికిట్లో కిచకిచమనే ఇనప పిట్ట.
బుట్టలో వేసేముందు
ఉత్త గాలిని ఒక్కసారి కత్తిరించి వేశాను.
ఆపైన గోటితో చీల్చడమే.
టికెట్టూ నెలనెలా చిక్కిపోయింది,
చివరికి ఏది గోరో ఏది కాగితమో.

పట్టుకుని నిలబడే తోలుపట్టీలు ఒక్కొక్కటే మాయమయ్యాయి,
ఎవరి చెప్పుల కిందికి చేరాయో.
నారతాళ్ళు ముడేసి కట్టాం.
ఒక ముసలాయన దానికి వేలాడుతూ
"ఉరి తియ్యకే తల్లీ" అన్నాడు.
నవ్వబోయిన వాళ్ళు
పోలీసున్నాడేమోనని చుట్టూ చూసి
మింగేశారు.

అన్నీ అయ్యాక మాట అడిగారు.

ఓరై.
తలుపు మూసి, గొంతెత్తి, సాగదీసి అనే మాట.
ఎక్కడిదో నాకేం తెలుసు?
నాకు పని నేర్పినామె అనేది,
ఆమెకి నేర్పినామె అనేదట.
శత్రువు భాషని డిపో గోడకి కాగితం అంటించారు,
ఇకనుంచి "హస్షా" అనాలి, బయల్దేరుతోందని అర్థం.
అన్నాను. నోట్లో పేడు కొరికినట్టుండేది.
నిషివాకి గారు ఆ మాటకి
ఎప్పుడూ అర క్షణం ఆలస్యంగానే క్లచ్చి వదిలేవాడు.

కొండవైపు ఎత్తు రాగానే బస్సు నిలబడిపోయేది.
దయచేసి దిగండి, దయచేసి తొయ్యండి.
డబ్బిచ్చి ఎక్కినవాళ్ళే దిగి తోసేవాళ్ళు.
ఒక బాలింత బిడ్డని నా చేతిలో పెట్టి
తనూ భుజం ఆనించింది.
బిడ్డ నా భుజాన నిద్రపోతుంటే
నేను మనుషుల్ని లెక్కపెడుతూ నడిచాను,
తోసే హడావిడిలో టికెట్టు కొననివాడెవడైనా ఉంటాడేమోనని.
ఆ లెక్క తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు.

ఫిబ్రవరిలో అదే ఎత్తు మీద
పొయ్యి గ్యాసు ఆయన తలకెక్కింది.
రంగుండదు, వాసనుండదు.
స్టీరింగు మీద వాలిపోతే
కునుకు తీశాడనుకున్నాను.
దింపి గాలికి కూర్చోబెట్టారు.
కళ్ళు తెరిచి మొదట అడిగింది,
"పొయ్యి ఆరిపోయిందా?"

నాకు డ్రైవింగు నేర్పింది రెండు ఆదివారాలు,
అదీ డిపోలో, కదలని బస్సులో, బొగ్గు దండగని.
ఎక్కి కూర్చున్నాను.
కాళ్ళు అందలేదు. బియ్యం లేని బియ్యపు సంచి ఒకటి
ఎవరో మడిచి నా వెనక దోపారు.
ఆయన నా మెట్టు మీదికెక్కాడు.
గంట కొడదామంటే గంట లేదు,
పోయిన ఏడే ఇనప పోగులో కలిసింది.
వేలి కణుపులతో చెక్క మీద రెండుసార్లు తట్టాడు.
కాసేపు దగ్గాడు.
చుట్టూ చూడలేదు.
"ఓ... రై."

బస్సు ముందు వెనక్కి దొర్లింది, ఒక జానెడు.
తోసేవాళ్ళు అరిచారు.
తర్వాత కదిలింది.

ఆ రాత్రి డిపో పుస్తకంలో నేనే రాశాను:
బొగ్గు ఒక బస్తా, మీద రెండు దోసిళ్ళు.
టికెట్లు ముప్పై ఎనిమిది.
ఆలస్యం యాభై రెండు నిమిషాలు.
కారణం: ఎత్తు.