అజంతం

ఫున్మి కాగితం నా వైపు తిప్పింది.
ఎడమ నుంచి బాగానే నడిచిన గీత
సగం దాటాక మెట్లు దిగి
అడుగున ఎక్కడో కూలబడింది.
మధ్యలో బూడిదరంగు అరటిపండు బొమ్మ.
మనుషుల మాటలన్నీ దాని లోపలే ఉంటాయట.
ఎడమ సగం ఇంకా నాదే.
కుడి సగంలోని స, ష, ఫ
ఇక ఎవరివో.

ముందు ఇంగ్లీషు పోయింది.
ఈ డెర్బీలో మాటలకి తోకలన్నీ హల్లులే.
షీట్స్, సాక్స్, లిఫ్ట్
తోకలు తెగి నా దాకా వస్తున్నాయి
ఆస్పత్రి లాండ్రీలో చీటీ ఊడిన దుప్పట్లలా,
ఏ వార్డువో తెలీదు.
ఫోనులో అక్క మాత్రం తెగలేదు.
తిన్నావా, మందు వేసుకున్నావా, అక్కడ చలిగా ఉందా.
ప్రతి మాట చివరా ఒక అచ్చు,
పట్టుకోడానికి పిడి.
మనది అజంత భాష అని
ఏడో తరగతిలో ఒక మార్కు కోసం బట్టీ పట్టాను.
యాభైరెండో ఏట అర్థం తెలిసింది.

లాండ్రీలో డ్రమ్ములు తిరుగుతుంటే
అక్కడ చెవులున్నవాళ్ళెవరూ లేరు.
గ్లినిస్ ఒక్కతే ఆ చివరినుంచి ఈ చివరికి
సూపర్వైజరు నడక మీద జోకు విసిరేది, వేళ్ళతో.
పదకొండేళ్ళలో నేను నేర్చుకున్నవి
టీ, నడుం నొప్పి, వస్తున్నాడు జాగ్రత్త,
ఇంకో నాలుగు బూతులు.

ఒకసారి మన సామెత చెప్పాను,
సగం చేతులతో, సగం చీటీ మీద రాసి:
చెవిటివాడి ముందు శంఖం ఊదితే
ఏం కొరుకుతున్నావు అని అడిగాడట.
తను నవ్వలేదు.
కాసేపటికి రాసింది:
"అతను చూసింది చూసినట్టు అడిగాడు.
ఎవరి ముందు ఊదుతున్నాడో
చూసుకోనివాడు రెండోవాడు కదా?"

ఈ మార్చిలో మనవడు పుట్టాడు, ఓవెన్.
వినికిడి పరీక్ష తప్పాడన్నారు.
"రెండ్రోజుల పిల్లాడు, అప్పుడే ఫెయిలు!"
అల్లుడు క్రెయిగ్‌కి వినపడుతుంది.
ఏడాది నిండేలోపు చెవి వెనక ఎముక తొలిచి
తీగ వేయించాలంటాడు,
ఆలస్యమైతే మెదడు ఆ గది తాళం వేసేస్తుందంటాడు.
"నాలుగు తరాలుగా మా ఇంట్లో
ఎవరికీ ఈ జబ్బు లేదు," అంది గ్లినిస్,
చేతులు గాలిని కోస్తూ.
"మేం చెవిటివాళ్ళం, అంతే."
"నా గొంతు వాడికి తెలియాలి," అన్నాడు క్రెయిగ్.
ఆ ఒక్క మాటా
నాకు తోకతో సహా అందింది.
కూతురు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూచుంది.
ఆ ఇంట్లో నిశ్శబ్దమంటే అదే.

నువ్వు చెప్పు, అంది గ్లినిస్ నావైపు తిరిగి.
నా జుట్టు కింద అప్పటికే రెండు మిషన్లు.
పెట్టిన మొదటి రోజు
ఫ్రిజ్జు మూలిగింది, చెప్పులు మాట్లాడాయి,
స అనే అక్షరం రేకుడబ్బాలో రాయిలా తిరిగొచ్చింది.
సింకు దగ్గర నిలబడి ఏడ్చాను.
అది ఆమెకి చెప్పలేదు.
ఆమె జుట్టు చూసింది, కనిపెట్టింది.
"నువ్వు పారేసుకున్నది వెతుక్కుంటున్నావు.
వీడేం పారేసుకున్నాడు?"

మా భాషలో వినడమంటే లొంగడం కూడా.
మాట వినడు అంటాం మొండి పిల్లాణ్ణి.
దాన్ని చేతులతో ఎలా చెప్పాలో
నాకింకా రాదు.

తొట్టిలో ఓవెన్ లేచాడు.
పిడికిలి తెరిచాడు, మూశాడు, తెరిచాడు.
ఆకలేమో, అన్నాడు క్రెయిగ్.
పాలు అంటున్నాడు, అంది గ్లినిస్.
ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు,
మళ్ళీ మొదలయ్యేలాగే ఉంది.

కూతురు ఒళ్ళోంచి చేతులు తీసి
సీసా అందుకుంది.